వాడకం అంతే, బిల్లు మాత్రం రెట్టింపు: మీటరు అంకెల వెనుక ఉన్న లెక్కలు

ఇంట్లోకి కొత్త వస్తువేదీ రాలేదు, నెలలో నాలుగు రోజులు ఇంటికి తాళం కూడా వేసి ఉంది, అయినా కరెంటు బిల్లు కిందటి నెలకు రెట్టింపు వచ్చింది. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘మీటరు గిర్రున తిరుగుతోంది’ అని. అవతలి వైపు, అంటే కరెంటు సంస్థ జవాబూ అంతే సిద్ధంగా ఉంటుంది: ‘మీరు వాడారు కాబట్టే వచ్చింది.’ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, రెండూ మూడు వేర్వేరు సంగతులను ఒకే మూటగా కట్టేస్తాయి. బిల్లు మీద కనిపించే మొత్తం ఒకటి, ఆ మొత్తానికి ఆధారమైన యూనిట్లు ఇంకొకటి, ఆ యూనిట్లను లెక్కగట్టిన యంత్రం మరొకటి. మొత్తం పెరగడానికి యూనిట్లు పెరగనక్కరలేదు. బిల్లులో యూనిట్లు పెరగడానికి వాడకం పెరగనక్కరలేదు. వాడకం పెరగడానికి ఇంట్లో ఎవరూ కొత్తగా ఒక్క స్విచ్ కూడా వేయనక్కరలేదు.

వాట్‌కూ యూనిట్‌కూ ఉన్న తేడా

వాట్ అనేది కుళాయి ధార లాంటిది, యూనిట్ అనేది బిందెలో పడిన నీళ్ల లాంటిది. ఒక వస్తువు ఏ వేగంతో కరెంటు తీసుకుంటుందో వాట్లు చెబుతాయి. ఆ వేగంతో ఎంతసేపు నడిచిందో కలిపి చూస్తే వచ్చేది యూనిట్. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్ అవర్. శాస్త్ర పరిభాషలో ఇది 36 లక్షల జౌళ్ల శక్తి. 10 వాట్ల బల్బు 100 గంటలు వెలిగినా, 2000 వాట్ల గీజరు అరగంట నడిచినా మీటరుకు పడేది ఆ ఒక్క యూనిటే. కళ్లకు కనబడేవి లైట్లూ టీవీలూ కాబట్టి అనుమానం ముందు వాటి మీదికే పోతుంది. కానీ వేడి చేసేవీ, చల్లబరిచేవీ, మోటారుతో తిరిగేవీ అసలు తిండిపోతులు.

ఇళ్లలోని మీటరు ప్రతి నెలా సున్నా నుంచి మొదలు కాదు. బండిలో కిలోమీటర్ల అంకె లాగా బిగించిన రోజు నుంచి కూడుకుంటూ పోతుంది. ఈ నెల అంకెలోంచి కిందటి నెల అంకె తీసేస్తే మిగిలేవే ఈ నెల యూనిట్లు. ఈ చిన్న సంగతి వల్ల ఒక పెద్ద సౌకర్యం ఉంది. రీడింగు తీసినవారు 5,268ని పొరపాటున 5,368గా రాసుకుంటే ఈ నెల 100 యూనిట్లు ఎక్కువ పడతాయి, కానీ వచ్చే నెల సరైన అంకె రాయగానే ఆ 100 వాటంతటవే తగ్గిపోతాయి. మీటరు దేన్నీ మరిచిపోదు. అయితే యూనిట్లు సర్దుకున్నంత మాత్రాన డబ్బు కూడా సర్దుకుంటుందని చెప్పలేం, ఎందుకంటే మధ్యలో శ్లాబులు, అంటే ధరల మెట్లు ఉన్నాయి.

రోజుల లెక్క, శ్లాబుల మెట్లు

చాలాచోట్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. తక్కువ వాడకానికి తక్కువ ధర, గీత దాటిన కొద్దీ పై యూనిట్లకు ఎక్కువ ధర. లెక్క కోసం మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 2, తర్వాతి 100 యూనిట్లకు 4, ఆ పైన ప్రతి యూనిట్‌కు 7 చొప్పున పడుతుందని అనుకుందాం. ఈ ధరలు ఉదాహరణ కోసం వేసుకున్నవే.

ఒక ఇంట్లో మీటరు కిందటి నెల 30 రోజుల్లో 4,812 నుంచి 5,002కు చేరింది, అంటే 190 యూనిట్లు. బిల్లు 560 అయింది. ఈ నెల రీడింగుకు మనిషి ఆలస్యంగా వచ్చారు. 38 రోజుల తర్వాత అంకె 5,268. యూనిట్లు 266, బిల్లు 1,062. ఇప్పుడు ఇదే లెక్కను మూడు రకాలుగా చదవవచ్చు. రోజువారీ వాడకం 6.33 నుంచి 7 యూనిట్లకు, అంటే పదిన్నర శాతం పెరిగింది. బిల్లులోని యూనిట్లు 40 శాతం పెరిగాయి. కట్టవలసిన డబ్బు మాత్రం దాదాపు 90 శాతం పెరిగింది. ‘మేం ఎప్పటిలాగే వాడాం’ అని ఇంటివారు అంటే అది అబద్ధం కాదు, ‘యూనిట్లు పెరిగాయి’ అని సంస్థ అంటే అదీ అబద్ధం కాదు.

ఇక్కడ న్యాయం ఏమిటన్న దానిపై రెండు వాదనలు ఉన్నాయి. రోజులు పెరిగితే శ్లాబు గీత కూడా అదే దామాషాలో జరగాలన్నది ఒకటి. అలా జరిపితే 38 రోజులకు మొదటి మెట్టు సుమారు 126.7 యూనిట్ల దగ్గర ముగుస్తుంది, బిల్లు దాదాపు 849కి దిగుతుంది. నెలకు ఒక రీడింగు, ఒక శ్లాబు అన్న నియమం సులువుగా ఉంటుందనీ, ఒక నెల ఎక్కువ రోజులు పడితే తర్వాతి నెల తక్కువ పడతాయనీ మరో వాదన. ఈ రెండో వాదన పైకి సబబుగానే కనిపిస్తుంది గాని, పై మెట్టులో పోయిన డబ్బును కింది మెట్టులో మిగిలే డబ్బు పూర్తిగా పూడ్చదు. అందువల్ల బిల్లు మీద అందరూ చూసే మొత్తం కన్నా, ఎవరూ చూడని రెండు రీడింగు తేదీలే ఎక్కువ విషయం చెబుతాయి.

అంచనా రీడింగు మిగిల్చే బాకీ

తలుపు తాళం వేసి ఉన్నా, మీటరు తెర కనిపించకపోయినా, పాత వాడకాన్ని బట్టి ఒక అంకె వేసి బిల్లు ఇచ్చే పద్ధతి అనేక దేశాల్లో ఉంది. నెలకు నిజంగా 220 యూనిట్లు వాడే ఇంటికి మూడు నెలలు వరుసగా 150 చొప్పున అంచనా వేశారనుకుందాం. నాలుగో నెల అసలు రీడింగు తీయగానే, నాలుగు నెలల 880 యూనిట్లలో అప్పటికే లెక్కలోకి వచ్చిన 450 పోను, 430 యూనిట్లు ఒకే నెల మీద పడతాయి. పైన వేసుకున్న ధరలతో మూడు అంచనా బిల్లులు 400 చొప్పున 1,200, నాలుగోది 2,210, మొత్తం 3,410. ప్రతి నెలా సరిగ్గా రీడింగు తీసి ఉంటే నెలకు 740 చొప్పున 2,960తో సరిపోయేది. వాడిన యూనిట్లు ఒక్కటి కూడా మారలేదు. 450 మాత్రం అదనంగా పోయింది. బాకీ యూనిట్లను నాలుగు నెలలకూ తిరిగి పంచి లెక్క వేస్తేనే ఈ తేడా పోతుంది. బిల్లులో రీడింగు పక్కన అది అసలుదో అంచనాదో తెలిపే గుర్తు సాధారణంగా ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

పాత బకాయి, అదనపు డిపాజిట్, ఇంధన ధర సర్దుబాటు, స్థిర రుసుము లాంటివి కూడా మొత్తాన్ని పెంచుతాయి. వాటికి మీటరుతో సంబంధం లేదు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగనవసరం లేదు.

తెర మీద మారిపోయే అంకెలు

ఎలక్ట్రానిక్ మీటరు తెర కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది. తేదీ, సమయం, వోల్టేజీ, ఆ క్షణపు లోడు, నెలలో తాకిన గరిష్ఠ డిమాండు, కేడబ్ల్యూహెచ్, కొన్నింట్లో కేవీఏహెచ్ కూడా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చివరి రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించడం వల్ల గందరగోళం ఎక్కువ. కేడబ్ల్యూహెచ్ అంటే కిలోవాట్ అవర్, నిజంగా పనికి వచ్చిన శక్తి. కేవీఏహెచ్ అంటే వోల్టేజీని, కరెంటును గుణించి కట్టిన లెక్క, అది మొదటిదాని కన్నా ఎప్పుడూ తక్కువ ఉండదు. రెండో అంకెలో మొదటిది ఎంత భాగమో చెప్పే నిష్పత్తి పేరు పవర్ ఫ్యాక్టర్. అది 0.9 ఉన్న ఇంట్లో 180 కిలోవాట్ అవర్లు వాడితే రెండో అంకె 200 చూపిస్తుంది. ఒక నెల ఒక అంకె, మరుసటి నెల రెండోది రాసుకుంటే ఏళ్ల తరబడి పేరుకున్న తేడా అంతా ఒకే బిల్లులో వచ్చి కూర్చుంటుంది.

అనేక మీటర్లలో అంకెకు ముందు 1.8.0 లాంటి సంకేతం కనిపిస్తుంది. 1.8.0 అంటే బయటి నుంచి తీసుకున్న మొత్తం శక్తి, 1.8.1, 1.8.2 అంటే వేళను బట్టి ధర మారే చోట ఒక్కో వేళకు పెట్టిన ఖాతాలు; 2.8.0 అంటే ఇంటి నుంచి బయటికి పంపిన శక్తి. ఇంటి మీద సౌర పలకలు ఉన్నవారికి ఈ చివరిది పెరగడం లాభమే గాని నష్టం కాదు. అయితే రెండు దిక్కులా లెక్కించే మీటరు పెట్టకముందే పలకలను కలిపేస్తే, కొన్ని మీటర్లు బయటికి పోయిన శక్తిని కూడా వాడకంగానే కూడేస్తాయి.

ముళ్ల గడియారాల్లాంటి పాత డయల్ మీటర్లలో చిక్కు వేరు. పక్కపక్క డయళ్లు ఎదురు దిశల్లో తిరుగుతాయి. ముల్లు రెండు అంకెల మధ్య ఉంటే చిన్నదే లెక్క. 9కీ 0కీ మధ్య ఉంటే 9. ముల్లు సరిగ్గా 7 మీద నిలిచినట్టు కనిపించినప్పుడు తీర్పు కుడి పక్క డయల్‌ది: అది ఇంకా 9 దగ్గరే ఉంటే ఎడమది 7కు పూర్తిగా చేరనట్టే, అక్కడ 6 రాయాలి. వేల స్థానంలో ఈ పొరపాటు జరిగితే తేడా వెయ్యి యూనిట్లు.

నా అంచనాలో వీటన్నింటి కన్నా జాగ్రత్తగా చూడవలసింది మీటరు మార్చిన నెల. ఆ బిల్లులో రెండు ముక్కలు ఉంటాయి: పాత మీటరు చివరి అంకె వరకు ఒకటి, కొత్త మీటరు మొదటి అంకె నుంచి ఒకటి. మామూలుగా రీడింగు తప్పును తర్వాతి నెల సరిచేసే గుణం ఉందని పైన అనుకున్నాం. పాత మీటరును గోడ మీంచి విప్పేశాక ఆ గుణం తెగిపోతుంది. దాని చివరి అంకె తప్పుగా నమోదైతే, ఆ రోజు తీసిన ఫొటో తప్ప తిరిగి చూసుకునే సాక్ష్యం ఇంటివారి చేతిలో ఉండదు.

మినుకుమనే ఎర్ర దీపం చెప్పే సంగతి

ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక చిన్న ఎల్‌ఈడీ మినుకుమంటూ ఉంటుంది, దాని పక్కన 3200 ఇంపల్స్ అనో 1000 ఇంపల్స్ అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి ఆ దీపం అన్నిసార్లు మినుకుమంటుందని అర్థం. ఈ ఒక్క సంఖ్యతో ఇంట్లో ఆ క్షణంలో ఎన్ని వాట్లు నడుస్తున్నాయో తెలుస్తుంది. 3200 మీటరులో 45 సెకన్లకు 10 మినుకులు పడితే, 10ని 3600తో గుణించి, 3200ను 45తో గుణించిన దానితో భాగించాలి, వచ్చేది 0.25 కిలోవాట్లు, అంటే 250 వాట్లు.

అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోయాక, ఫ్రిజ్ కూడా ఆగి ఉన్న నిమిషంలో ఈ దీపాన్ని గమనిస్తే అసలు కథ బయటపడుతుంది. అదే 3200 మీటరులో ఇరవై రెండున్నర సెకన్లకు ఒకసారి మినుకుమంటే ఆ ఇంటి నిద్రలోని వాడకం 50 వాట్లు, నెలకు 36 యూనిట్లు. రెండు మూడు సెకన్లకోసారి మినుకుమంటుంటే మాత్రం, ఎక్కడో ఏదో పెద్దదే నడుస్తున్నట్టు. మెయిన్ స్విచ్ దించినా దీపం మినుకుతూనే ఉంటే కారణం మూడింటిలో ఒకటి కావచ్చు: మీటరు ఖాళీగా ఉండి కూడా పరుగెడుతోంది, మీటరుకూ మెయిన్ స్విచ్‌కూ మధ్య ఎవరో తీగ కలిపారు, లేదా అది అసలు ఈ ఇంటి మీటరే కాదు. వరుసగా పది మీటర్లు బిగించిన గదిలో రెండు ఇళ్ల మీటర్లు తారుమారు కావడం మనం అనుకునేంత వింత కాదు. బిల్లు మీది మీటరు నంబరును మీటరు మీది నంబరుతో సరిపోల్చినా ఇది పూర్తిగా తేలదు, ఎందుకంటే నంబరు సరిగ్గా ఉండి వైరు తారుమారయ్యే వీలూ ఉంది.

స్విచ్ వేయకుండానే పెరిగే వాడకం

వేడి నీళ్ల కుళాయి ఒకటి సన్నగా కారుతోందని అనుకుందాం. మూడు నిమిషాలకు ఒక చిన్న కప్పు నిండేంత, అంటే సుమారు 125 మిల్లీలీటర్లు. వినడానికి ఇది లెక్కలోకి రానట్టే ఉంటుంది. కానీ రోజుకు అది 60 లీటర్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.186 కిలోజౌళ్లు కావాలి; 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు 60 లీటర్లను తేవడానికి రోజుకు దాదాపు 2.44 యూనిట్లు, నెలకు 73. గీజరు స్విచ్ ఎప్పుడూ వేసి ఉంచే ఇంట్లో ఈ 73 యూనిట్లు మోరీలో కలిసిపోతాయి, ఎవరూ గమనించరు కూడా.

ఫ్రిజ్‌ది మరో తీరు. 120 వాట్ల కంప్రెసరు రోజులో నలభై శాతం సేపు నడిస్తే 1.15 యూనిట్లు అవుతుంది. తలుపు రబ్బరు పాడై చల్లదనం నిలవక అది ఆగకుండా నడిస్తే 2.88. నెలకు తేడా దాదాపు 52 యూనిట్లు, పైగా లోపలి వస్తువులు చల్లగానే ఉంటాయి కాబట్టి అనుమానమే రాదు. నీటి మోటారు విషయంలోనూ ఇంతే: పైపు కారినా, అడుగు వాల్వు నీటిని పట్టి ఉంచలేకపోయినా, ట్యాంకు నిండడానికి అరగంట బదులు గంట పడుతుంది.

స్టాండ్‌బైలో ఉన్న టీవీ, సెట్‌టాప్ బాక్సు లాంటివాటి మీద నింద ఎక్కువగా పడుతుంది గాని, వాటి వాటా అంత పెద్దది కాకపోవచ్చు. ఏడాది పొడవునా ఒక వాట్ తీసుకునే వస్తువు 8.76 యూనిట్లు తింటుంది. ఇలాంటి వాడకాన్ని ఒక్కో పరికరానికి ఒక వాట్‌కు దించాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ప్రతిపాదించింది. ఆ తర్వాత వచ్చిన పరికరాల్లో అది చాలావరకు తగ్గింది. పదేసి వాట్లు లాగే పాత పెట్టెలు నాలుగు ఉంటే మాత్రం నెలకు 29 యూనిట్ల దాకా పోతాయి. బిల్లును పెంచడానికి అది చాలు, రెట్టింపు చేయడానికి కాదు.

భూమిలోకి, పక్కింట్లోకి పోయే కరెంటు

పాత వైరింగులో తొడుగు చెడి ఫేజ్ తీగ (ఇంట్లోకి కరెంటు తెచ్చే తీగ) తడి గోడను తాకితే, కరెంటు ఏ వస్తువునూ నడపకుండానే భూమిలోకి పోతుంది. 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ లీకయితే 230 వాట్లు, 30 రోజులకు 165 యూనిట్లు దాటుతుంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటును కోసేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ సరిగ్గా పనిచేస్తున్న ఇంట్లో ఇంత దూరం రాదు. అది లేని ఇంట్లో నెలల తరబడి సాగవచ్చు. ఇది బిల్లు సమస్య కన్నా ముందు ప్రాణాపాయం.

దీని కన్నా వింతైనది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, పక్కింటిదానితో కలిసిపోవడం. దొంగతనాన్ని పట్టుకునేందుకు కొన్ని మీటర్లు ఫేజ్ తీగలోని కరెంటును, న్యూట్రల్ తీగలోని కరెంటును విడివిడిగా కొలిచి, రెండింటిలో ఎక్కువగా ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. పక్కపక్క రెండు ఇళ్ల న్యూట్రళ్లు ఎక్కడో గోడలో కలిశాయనుకుందాం. మొదటి ఇల్లు 2 ఆంపియర్లు, రెండోది 6 ఆంపియర్లు వాడుతున్నాయి. తిరుగు దారిలో కరెంటుకు ఏ ఇంటిదన్న పట్టింపు ఉండదు కాబట్టి మొదటి ఇంటి న్యూట్రల్‌లో 5, రెండో ఇంటి న్యూట్రల్‌లో 3 పారవచ్చు. మొదటి మీటరు 5ను, రెండో మీటరు 6ను పట్టుకుంటాయి. రెండు ఇళ్లు కలిసి వాడింది 8 ఆంపియర్లు; రెండు మీటర్లు లెక్కగట్టింది 11. ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు, మీటరూ చెడిపోలేదు, దానికి చెప్పిన నియమాన్నే అది పాటించింది. వైరింగు పని చేయించిన తర్వాత, లేదా మీటరును కొత్త రకానికి మార్చిన తర్వాత బిల్లు హఠాత్తుగా పెరిగిన ఇళ్లలో ముందుగా అనుమానించదగిన కారణాల్లో ఇదొకటి.

మీటరే తప్పు చూపే అవకాశం

ఇంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణాల్లో కచ్చితత్వ తరగతులు ఉన్నాయి. తరగతి 1 అంటే నిర్ణీత పరిస్థితుల్లో తప్పు ఒక శాతం దాటకూడదని, తరగతి 2 అంటే రెండు శాతమని స్థూలంగా అర్థం. ప్రమాణం మేరకు ఉన్న మీటరు బిల్లును రెట్టింపు చేయలేదన్నది సంస్థల వాదన, చాలా ఇళ్ల విషయంలో అది నిజమే. హంగేరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ 1889లో పేటెంటు పొందిన రూపం నుంచి వచ్చిన చక్రం మీటర్లకు వయసు మీద పడితే దుమ్ము, రాపిడి వల్ల నెమ్మదించే స్వభావం ఎక్కువ. అలాంటిది తీసి కొత్తది పెట్టినప్పుడు పెరిగిన బిల్లు, కొత్త మీటరు పరుగు కాక, పాత మీటరు ఇన్నాళ్లూ చూసీచూడనట్టు వదిలేసిన యూనిట్లు కావచ్చు.

అయినా వినియోగదారుల అనుమానాన్ని కొట్టిపారేయడానికి లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడించిన పరీక్షల్లో, తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లలో ఐదు అసలు వాడకం కన్నా చాలా ఎక్కువ చూపించాయి, ఒక సందర్భంలో 582 శాతం వరకు. కొన్ని తక్కువ కూడా చూపించాయి. వెలుగును తగ్గించే డిమ్మర్లతో కలిపిన పొదుపు బల్బుల వంటివి కరెంటును నున్నని అలలా కాకుండా పదునైన ముక్కలుగా లాగడం, కొన్ని మీటర్లలో కరెంటును కొలిచే రోగోవ్‌స్కీ చుట్ట అనే తీగచుట్ట దాన్ని సరిగ్గా పట్టలేకపోవడం ఇందుకు కారణంగా తేలింది. ఆ పరీక్షలోని లోడు మామూలు ఇళ్లలో ఉండే తీరుకు చాలా దూరమని మీటరు పరిశ్రమ వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. రెండు పక్షాలూ చెప్పింది పక్కపక్కన పెట్టి చూస్తే, అలాంటి తప్పు సాధ్యమేనని మొదటి పక్షం చూపింది, అది సాధారణం కాదని రెండో పక్షం అంది; ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనే మాటలు కావు.

ఇంట్లో చేసుకునే పరీక్షకు ఉన్న హద్దు కూడా ఇక్కడే తెలుస్తుంది. 1000 వాట్ల హీటరు ఒక్కదాన్నే అరగంట నడిపి అర యూనిట్ పడిందో లేదో చూడడం చాలామందికి తెలిసిన ఉపాయం. 230 వోల్టులకు 1000 వాట్లని రాసిన హీటరు 210 వోల్టుల దగ్గర దాదాపు 834 వాట్లే తీసుకుంటుంది, కాబట్టి వోల్టేజీ చూడకుండా వేసిన లెక్కలో ఆరో వంతు తేడా దానంతటదే వచ్చేస్తుంది. పైగా హీటరు కరెంటును నున్నగా లాగుతుంది. ట్వెంటే పరీక్షలో బయటపడిన రకం లోపం హీటరు ముందు అసలు కనిపించదు. సంస్థ వారు పక్కన బిగించే చెక్ మీటరు ఇంతకన్నా నమ్మదగినది, ఎందుకంటే అది ఇంట్లోని మామూలు లోడు మీదే రోజుల తరబడి నడుస్తుంది. అయితే అదీ అదే తీగ మీద కూర్చుంటుంది. భూమిలోకి పోయే లీకేజీనీ, పక్కింటి నుంచి వచ్చిపడే న్యూట్రల్ కరెంటునూ అదే రకం చెక్ మీటరు కూడా అసలు మీటరు లాగే లెక్కిస్తుంది. రెండు అంకెలూ సరిపోయాయంటే మీటరు మీది అనుమానం చాలావరకు తీరినట్టే, ఇంటి వైరింగు మీది అనుమానం మాత్రం అలాగే ఉంటుంది.